సంపాదకుడి హోదాలో

ఫిల్మ్‌నగర్‌కి ఎక్కే మలుపులో, మామూలుగా కుర్ర హీరోల పుట్టినరోజు ఫ్లెక్సీలు కట్టే చోట, మొన్న పొద్దున డాక్టరుగారి ఫ్లెక్సీ కనబడింది. కింద ‘అశ్రునివాళి’ అన్న ముక్క లేకపోతే నేనూ పుట్టినరోజే అనుకుని పోయేవాణ్ణి. నవ్వుతున్నారు. టై ఉంది. చంకలో జర్నల్ ఉంది, అట్ట మీది పేరు మనకి కనబడేలా. చంకలో పుస్తకంతో పైకెళ్లిన మనిషిని ఆయన్నొక్కణ్ణే చూశాను. అక్కడ ఎవరైనా పాపాల చిట్టా విప్పి ఉంటే, “దీని మీద పరిశోధనలు ఏమంటున్నాయంటే...” అని ఈపాటికి మొదలెట్టేసి ఉంటారు.

ఆయన పేరు రాయను. పేరు రాయకుండానే మనిషిని పట్టిచ్చెయ్యడం ఎలాగో ఆయన దగ్గరే చూసి నేర్చుకున్నాను కాబట్టి, రాయాల్సిన అవసరమూ లేదు.

ఆయన సైకాలజీ డాక్టరు. జూబ్లీ హిల్స్‌లో ఒక నగల షాపు మీద అద్దాల గది. కుర్చీ వెనకాల గోడంతా జర్నళ్లే. నీలం రెక్సిన్ బైండింగు, బంగారు అక్షరాలు. నేను తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ కుదరక బడికి దండం పెట్టి వచ్చినవాణ్ణి. అంత చదువు ఒక్క గోడ మీద చూసేసరికి నా చేతులు వాటంతటవే కట్టుకున్నాయి. పోనుపోను గమనించిందేమిటంటే, ఆ గోడ మీంచి ఆయన ఏనాడూ ఒక్క పుస్తకం కిందికి తీయలేదు. దుమ్ము దులపడానికి పనమ్మాయి తీసేది. ఆ గదిలో వాటిని శ్రద్ధగా పట్టుకున్న మనిషి ఆవిడే.

ఏం చెప్పబోయినా ముందు కళ్లద్దాలు తీసేవారు. టై చివరతో తుడిచేవారు. సీలింగు వైపు ఒక చూపు. ఆ తర్వాత వచ్చేది మాట: “పరిశోధనల్లో తేలింది.” కాఫీలో పంచదార ఎందుకు తగ్గించాలి? పరిశోధనల్లో తేలింది. చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర జనం ఊరికే హారన్ ఎందుకు కొడతారు? తేలింది. మా నిర్మాతగారి రెండో సినిమా ఎందుకు మునిగింది? చిత్రంగా, అదీ తేలింది. ఎవరు చేశారు సార్, ఎక్కడ చేశారు, ఎవరి మీద చేశారు అని ఎవరైనా అడిగితే మాత్రం, అడిగినవాడి మానసిక స్థితి గురించి ఇంకేదో తేలేది.

మీటింగు అయ్యాక, “వస్తానయ్యా, డ్రైవరు కింద ఎండలో ఉన్నాడు పాపం” అని లేచేవారు. ఆ డ్రైవర్ని మాలో ఎవరూ చూళ్లేదు.

మాకు ఆయన ఎలా తగిలారంటే, మా నిర్మాతగారు ‘ప్రేక్షకుల మనస్తత్వ సలహాదారు’ అని ఒక ఉద్యోగం కనిపెట్టి ఆయన్ని అందులో కూర్చోబెట్టారు. నేను కామెడీ ట్రాకులు రాస్తాను. హీరో విషాదంగా నిలబడినప్పుడు పక్కన అరటితొక్క మీద జారేవాడి మాటలన్నీ నావే. కథాచర్చల్లో డాక్టరుగారు నాకు ఎదురు సోఫా. నేను చదువుతాను, అందరూ నవ్వుతారు, ఆయన అద్దాలు తీస్తారు. అద్దాలు తీశారంటే నా సీను పోయిందన్నమాటే.

“ఇది పండదయ్యా.”

“ఇప్పుడే కదండీ అందరూ నవ్వారు.”

“వీళ్లు నవ్వింది నీ మొహం చూసి. నవ్వనేది ఒత్తిడి విడుదల. విడుదలకి ముందు బంధనం ఉండాలి. జర్నల్ స్పష్టంగా చెబుతోంది.”

ఒకరోజు నాకు ఒళ్లు మండింది. “సార్, ఆ కోళ్ల పరిశోధన చదివారా?” అన్నాను. “కోళ్లని చీకటి హాల్లో వరసగా కూర్చోబెట్టారట. ముందు వరస కోడికి జారిపడే మనిషిని చూపించారట. వెనక వరస కోళ్లు ఏమీ చూడకుండానే నవ్వాయట.”

అది అప్పటికప్పుడు నోటికొచ్చిన అబద్ధం. కోడి నవ్వుతుందో లేదో కూడా నాకు తెలీదు.

డాక్టరుగారు అద్దాలు తీశారు. తుడిచారు. సీలింగు చూశారు. “చదివాను. కొంచెం పాత పద్ధతిలో చేశారు గానీ, లోతైన పరిశోధన.”

నేను బాత్రూంలోకి పోయి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో నవ్వుకుని వచ్చాను. నెల తిరక్కుండా మా నిర్మాతగారు నన్నే కూర్చోబెట్టి చెప్పారు: “నీకు తెలీదయ్యా, కోళ్లు కూడా ముందు వరస నవ్వితేనే నవ్వుతాయట. సైన్సు!” ఆ సినిమా మొదటి ఆటకి ముందు వరసలన్నీ బంధువులతో నింపారు. బంధువులు పడీపడీ నవ్వారు. వెనక వరసల్లో కోళ్లు లేకపోవడంవల్ల అక్కణ్నించి ఏమీ వినబడలేదు.

ఇంతవరకే అయితే ఆయన మా అందరికీ టికెట్ లేని వినోదం. ఫిల్మ్‌నగర్‌లో అబద్ధం చెప్పేవాళ్లకి కొరత లేదు, ఇంగ్లీషు అట్టేసుకుని చెప్పేవాడు ఒకడుంటే వైవిధ్యం. కానీ మధ్యలో ఎస్తేరు సంగతి వచ్చింది.

ఎస్తేరు డబ్బింగ్ ఆర్టిస్టు. వాళ్ల నాన్న ఎప్పుడో తెనాలి వైపు నుంచి వచ్చి మోతీనగర్‌లో స్థిరపడ్డారు. ముంబై నుంచి దిగిన హీరోయిన్లు పెదాలు ఆడిస్తే, అందులో ప్రేమా కోపం కన్నీళ్లు ఈ పిల్ల పోసేది. నన్ను బాబాయ్ అంటుంది. నా కామెడీ డైలాగులు హీరోయిన్‌కి పడితే, నేను రాసినదాని కంటే బాగా పలికి, “ఇది రాసింది మీరేనా బాబాయ్, లేక ఎవరైనా చదువుకున్నవాళ్లా?” అనేది. అలాంటి పిల్ల.

ఆ ఏడాది వాళ్ల నాన్న పోయారు. పోయిన వారానికే డబ్బింగ్ థియేటర్‌కి వచ్చేసింది. రిలీజు దగ్గరపడింది, ఆగమంటే ఆగేవాళ్లెవరు? తెర మీద హీరోయిన్ తండ్రి శవం మీద పడి ఏడ్చే సీను. రికార్డింగ్ మొదలైనట్టు ఎర్రలైటు వెలిగింది. తెర మీద పెదాలు కదిలాయి. ఎస్తేరు నోరు తెరిచింది. ఏమీ రాలేదు. మళ్లీ వేశారు. మళ్లీ రాలేదు. మంచినీళ్లు తాగి మామూలుగా మాట్లాడింది, లైటు వెలగ్గానే గొంతు మూతపడింది. మా ప్రొడక్షన్ మేనేజరు యాదగిరి, బోరబండ మనిషి, పైకి కేకలేస్తాడు గానీ లోపల మెత్తన, “ఇంటికి పో అక్కా, జర రెస్ట్ తీస్కో, నేను చూస్కుంట” అని పంపించాడు. నిర్మాతగారు ఆవిణ్ని తిన్నగా డాక్టరుగారి అద్దాల గదికి పంపారు.

అక్కడ ఏమైందని తర్వాత అడిగాను.

“ఆయనే మాట్లాడారు బాబాయ్. నేను విన్నాను. ఏసీ చల్లగా ఉంది. చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపట్టింది.”

“వైద్యం?”

“అదే వైద్యమనుకున్నాను.”

కొన్నాళ్లకి చర్చిలో క్వయర్‌తో పాడుతూ ఉండగా మధ్యలో కన్నీళ్లొచ్చాయట. ఆగకుండా వచ్చాయట. వాటి వెనకాలే గొంతూ వచ్చింది. తిరిగొచ్చి అదే సీను, అదే శవం, ఒక్క టేకులో ఏడ్చేసింది. సౌండ్ ఇంజినీరు కళ్లు తుడుచుకున్నాడు. యాదగిరి అయితే బయటికి పోయి మరీ తుడుచుకున్నాడు. అక్కడితో కథ అయిపోవాలి.

కానీ డాక్టరుగారి కొత్త సంచిక వచ్చింది.

ఆయనకి ఒక జర్నల్‌తో సంబంధం ఉందని, అందులో ఆయన వ్యాసాలు పడతాయని మాకు తెలుసు. వచ్చినప్పుడల్లా ఆఫీసు ఆఫీసుకీ స్వయంగా తెచ్చి, టీపాయ్ మీద సినిమా పత్రికల పైన పెట్టి, తన వ్యాసం దగ్గర ఒక దారప్పోగు వేసి మరీ వెళ్లేవారు. ఇంగ్లీషులోనే ఉంటే ఫిల్మ్‌నగర్‌లో పేజీ తిప్పరని, వెనకాల తెలుగు కూడా వేయించేవారు. ఈసారి వ్యాసం పేరు ‘ఒక గాత్ర కళాకారిణిలో హఠాత్ స్వరలోపం’.

పద్ధతి ప్రకారం పేరు మార్చారు. ‘కుమారి ఎక్స్’ అన్నారు. అక్కడితో ఆగితే ఏ గొడవా లేదు. కానీ మాతో పాటు అన్నేళ్లు కథాచర్చల్లో కూర్చున్న మనిషి కదా, పాత్ర పరిచయం లేకుండా కథ మొదలెట్టలేకపోయారు. కుమారి ఎక్స్ కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. నివాసం మోతీనగర్‌లో చర్చి వెనక వీధి. తెలుగు రాని కథానాయికలకి గొంతు ఇవ్వడం వృత్తి. మాట్లాడేటప్పుడు ఎడమ చెయ్యి ఊపుతుంది. వెంట ఎప్పుడూ ఆకుపచ్చ ఫ్లాస్కు, అందులో మిరియాల పాలు. మేము హీరో ఇంట్రడక్షన్ కూడా ఇంత ప్రేమగా రాయం. చివరి వాక్యం మాత్రం ఇది: ‘ప్రస్తుతానికి స్వరం తిరిగి వచ్చినట్టు కనిపించినా, ఒత్తిడిలో మళ్లీ పోయే అవకాశం మెండు.’

టీ టైములో యాదగిరి ఆ పేజీ తీసి పైకి చదివాడు. “ఎక్స్ అంట. ఏం ఎక్స్? ఆకుపచ్చ ఫ్లాస్కు ఎస్తేరక్కది గాదా?”

టీ చల్లారేలోపు పక్క ఆఫీసుకి తెలిసింది. సాయంత్రానికి కొండ మీదా కొండ కిందా అందరికీ తెలిసింది. తమ సినిమా కథ కూడా చివరిదాకా చదవని జనం ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం కంఠతా పట్టారు. ఎస్తేరు ఫోను మోగడం తగ్గింది, తర్వాత ఆగింది. పెద్ద హీరోయిన్లు వేరే గొంతుల్లోకి వెళ్లిపోయారు. ఈ పిల్లకి సీరియళ్లలో జనం అరుపులూ, షాపింగ్‌మాల్‌లో ‘దయచేసి లిఫ్టు వాడండి’ లాంటివీ మిగిలాయి.

యాదగిరిని నిలదీశాను.

“నాకేం పగ ఉన్నదన్నా ఆమె మీద?” అన్నాడు. “రేపు రిలీజ్ పెట్టుకొని మైకు ముంగట గొంతు పోతే నన్నెవడు బతకనిస్తడు? ఏదో ఒకలిద్దరు అన్న మాట గాదు గద, జర్నల్ల వచ్చింది.”

అదీ ఆ మాట బలం. పుకారుని మా దగ్గర మూడు రోజుల్లో మర్చిపోతారు. అచ్చులో, రెక్సిన్ అట్టలో వస్తే ఆ పుకారుకి పెన్షన్ కూడా వస్తుంది.

ఎస్తేరు నన్ను వెంటబెట్టుకుని అద్దాల గదికి వెళ్లింది. ఎడమ చెయ్యి ఒడిలో గట్టిగా పెట్టుకుని కూర్చుంది, ఊగకుండా.

“డాక్టరుగారండీ, ఆ వ్యాసం తీసెయ్యండి. నాకు పన్లు రావట్లేదు.”

“నీ పేరు ఎక్కడా లేదే అమ్మా?”

“పేరు తప్ప అన్నీ ఉన్నాయండీ. మా వీధి కూడా ఉంది.”

“అది సందర్భం. సందర్భం లేకపోతే శాస్త్రం కాదు.”

“నన్ను అడగలేదు కదండీ.”

ఆయన అద్దాలు తీశారు. “విజ్ఞానం ముందు వ్యక్తి ఎంతమ్మా? నీవల్ల ప్రపంచానికి ఒక కొత్త సంగతి తెలిసింది.”

“ప్రపంచం నాకు పనివ్వదండీ. యాదగిరన్న ఇస్తాడు. ఆయనకి తెలిసింది.”

ఆయన సీలింగు చూడ్డం అయ్యాక కిందికి దిగి అన్నారు: “ఒకసారి అచ్చయ్యాక నా చేతుల్లో ఉండదమ్మా. సాటి పండితులు పరిశీలించి ఆమోదించారు. సంపాదక మండలి ఉంది. అది స్వతంత్ర సంస్థ. నేను కేవలం రచయితని.” డ్రైవరు ఎండలో ఉన్నాడంటూ లేచారు.

ఎస్తేరుతో పాటు క్వయర్‌లో పాడే సునీతగారు ఎర్రగడ్డ వైపు ఒక ఆస్పత్రిలో సైకాలజిస్టు. ఆ ఆదివారం చర్చి మెట్ల మీద ఆవిడకి ఆ సంచిక చూపించాం. నిలబడే మొత్తం చదివారు. చదువుతున్నకొద్దీ ఆవిడ పెదాలు బిగుసుకున్నాయి.

“అసలు జర్నల్ దేనికండీ?” అన్నాను. “నాకు తెలిసినంతవరకు గోడకి అందం.”

“మా చదువులో మనసు లోపలికి ఎవరూ తొంగి చూడలేరు కదండీ,” అన్నారావిడ. “అందుకని నేనొకటి కనుక్కున్నానంటే, ఎలా కనుక్కున్నానో అంతా విప్పి రాయాలి. ముక్కూమొహం తెలియని ఇద్దరు ముగ్గురు దాన్ని చీల్చి చూస్తారు. ఆ తర్వాత అచ్చు. అచ్చయ్యాక కూడా ఎవరైనా మళ్లీ చేసి చూసి, నువ్వు చెప్పింది తప్పు అనొచ్చు. నన్ను నమ్మండి అనడానికి కాదు జర్నల్. నన్ను నమ్మొద్దు, చూసుకోండి అనడానికి.”

“అంటే బంధువులు కానివాళ్లకి వేసే ప్రివ్యూ.”

“అంతకంటే ఘోరం. మీ ప్రివ్యూకి వచ్చినవాళ్లు టిఫిన్ చేసి బాగుందంటారు. ఇక్కడ ఎంత పెట్టినా బాగాలేదనే అంటారు. మంచి జర్నళ్లలో మొహమాటాలు లేవని కాదు, ఉన్నాయి. కానీ ఇది...” ఆ పేజీ మీద వేలు పెట్టారు. “మనిషిని పోల్చుకోకుండా వివరాలు మార్చాలి. ముందు ఆవిడ ఒప్పుకోలు తీసుకోవాలి. తప్పు జరిగితే సంపాదకుడు ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుని, తీసుకున్నామని అచ్చెయ్యాలి. సంపాదకుడి దగ్గరికి వెళ్లండి. అడ్రసు అట్ట వెనకాల ఉంటుంది.”

అట్ట తిప్పి చూశాం. సంపాదక కార్యాలయం ఏ ఢిల్లీలోనో ఉంటుందనుకున్నాను. మోతీనగర్! చర్చి నుంచి నడిచి వెళ్లేంత దూరం.

అటునుంచి అటే వెళ్లాం. కింద కర్రీ పాయింట్, గోంగూర పప్పు ఘుమఘుమలాడుతోంది. పక్కన ఇరుకు మెట్లు. పైన తలుపుకి జర్నల్ పేరు స్టిక్కరు, దాని కింద పాలవాడికి సుద్దముక్కతో రాసిన ‘రేపు ఒద్దు’. బెల్లు కొట్టాం.

తలుపు తీసింది డాక్టరుగారే. లుంగీ, చేతుల బనీను, చెవి మీద ఎర్ర పెన్ను.

జూబ్లీ హిల్స్‌లో ఉంటారనుకున్న మనిషి కర్రీ పాయింట్ మీద ఉన్నారు. కింద కారు లేదు, డ్రైవరు లేడు, మరి వాణ్ణి ఏ ఎండలో పెట్టొచ్చారో. ఆయన మొహం ఒక్క క్షణం వాడింది. తర్వాత లుంగీ సర్దుకుని, అద్దాల గదిలో కూర్చున్న గొంతుతోనే అన్నారు: “రండి. సంపాదకుడితో పనా?”

“అవునండీ,” అంది ఎస్తేరు.

“చెప్పండి. నేనే.”

“మొన్న సంపాదక మండలి స్వతంత్ర సంస్థ, నా చేతుల్లో లేదన్నారు కదండీ!” అన్నాను.

“అది రచయిత హోదాలో అన్నాను. ఇప్పుడు సంపాదకుడి హోదాలో మాట్లాడుతున్నాను. రెండూ కలపకూడదు. జర్నల్ మర్యాద అది.”

“సరే, సంపాదకుడుగారూ, ఆ వ్యాసం తీసెయ్యండి.”

“రచయితని సంప్రదించకుండా తీయడం పద్ధతి కాదు. ఆయన్ని అడిగి చెబుతాను.”

“ఇప్పుడే అడగండి సార్. ఇంట్లోనే ఉన్నట్టున్నారు.”

“వెటకారం ఒద్దయ్యా.”

“మరి పరిశీలించిన సాటి పండితులెవరండీ?”

“వాళ్ల పేర్లు గోప్యం.”

లోపలి గదిలోంచి ఆడగొంతు వినబడింది: “ఏమండీ, ఆ పరిశీలన అయిపోతే బల్ల ఖాళీ చెయ్యండి, బెండకాయలు తరుక్కోవాలి.”

నేను ఎన్నో సినిమాలు చూశాను. హీరో, నిర్మాత, దర్శకుడు, పాటల రచయిత అంతా ఒక్కడే అయిన సినిమాలు మా దగ్గర బోలెడు. కానీ సెన్సారు సర్టిఫికెట్ కూడా తనే రాసుకుని, విమర్శకుడి హోదాలో తనే మెచ్చుకుని, హాల్లో తనే ఈలేసుకున్న మనిషిని చూడ్డం అదే మొదలు. పడీపడీ నవ్వేవాణ్ణే. పక్కన ఎస్తేరు నవ్వలేదు.

బల్ల మీది సంచికల్లోంచి ఒకటి తీసింది. పేజీ తెలుసు. నిలబడి, మైకు ముందు నిలబడినట్టే మడమలు కలిపి, చదవడం మొదలెట్టింది.

తన గొంతు పోతుందని రాసిన వ్యాసాన్ని ఆ గొంతుతోనే చదివింది. మొదట మామూలుగా. ‘కుమారి ఎక్స్’ దగ్గరికి వచ్చేసరికి ఆ ఎక్స్ అనే పిల్లని మా ముందు నిలబెట్టింది. ఫ్లాస్కు మూత తిప్పే మనిషి, చెయ్యి ఊపే మనిషి, నాన్న పోయిన మనిషి. ‘రోగి’ అన్న మాట వచ్చినచోటల్లా అది డాక్టరుగారి వైపు చూసినట్టు వినబడింది. ఎక్కడా గొంతు పెంచలేదు, ఎక్కడా వణకలేదు. ‘ఒత్తిడిలో మళ్లీ పోయే అవకాశం మెండు’ అన్న వాక్యాన్ని, నా ముందే నిలబడి ఇంకోసారి చెప్పండి అన్నట్టు, ఒక్కో మాటా విడదీసి చదివి పుస్తకం మూసింది.

లోపలి గుమ్మంలో ఆయన భార్య నిలబడి ఉంది, చేతిలో బెండకాయ. “రేడియో ఎవరు పెట్టారా అనుకున్నాను,” అంది. తర్వాత భర్త వైపు తిరిగింది. “ఈ అమ్మాయికా గొంతు పోతుందని రాశారు?”

ఆయన చెయ్యి అద్దాల మీదికి వెళ్లింది. తీశారు. తుడుచుకోవడానికి టై లేదు. సీలింగు చూడలేదు. ఆ అద్దాలు అలాగే చేతిలో పట్టుకుని, అవి లేకపోతే ఎదుటి మనిషి సరిగ్గా కనబడని కళ్లతో ఎస్తేరు ఉన్న వైపు చూశారు. ఉదహరించడానికి ఏమీ తట్టని ఆయన్ని నేను చూసింది అప్పుడొక్కసారే.

“తీసేస్తానమ్మా,” అన్నారు.

ఏ హోదాలో సార్ అని అడగాలని నాలిక చివరిదాకా వచ్చింది. ఎస్తేరు నా చెయ్యి పట్టి బయటికి లాగింది.

అన్నమాట ప్రకారం తీశారు. ఎలా తీశారో చూడండి. తర్వాతి సంచిక చిట్టచివరి పేజీలో, మోకాళ్ల నొప్పుల తైలం ప్రకటన కింద, చీమలు కూడా వంగి చదువుకోవాల్సినంత అక్షరాల్లో: ‘గత సంచికలోని స్వరలోప వ్యాసాన్ని అనివార్య కారణాలవల్ల ఉపసంహరించుకుంటున్నాం.’ ఆ సంచికని ఏ ఆఫీసుకీ తేలేదు. దారప్పోగు వెయ్యలేదు. ఎస్తేరే ఒకటి సంపాదించి యాదగిరికి చూపించింది.

“గిదెవడు చదువుతడక్కా?” అన్నాడు యాదగిరి, నిజంగా బాధపడుతూనే. “నేను సరే అంట. డైరెక్టర్‌కి, హీరోకి, హీరో మేనమామకి ఒక్కొక్కళ్లకి భూతద్దం పట్టుకొని చూపియ్యాల్నా?”

అంతే. తప్పు అద్దాల గదిలోంచి ఊరేగింపుగా వచ్చింది, దిద్దుబాటు దొడ్డిదారిన వెళ్లిపోయింది. డాక్టరుగారు మళ్లీ అద్దాలు తుడిచే పనిలో పడ్డారు. ఇంకో నిర్మాత, ఇంకో టీపాయ్. నన్ను చూస్తే మాత్రం డ్రైవరు మాట ఎత్తడం మానేశారు. అది నాకు తృప్తి అనుకుంటే పొరపాటు. ఎస్తేరు అప్పటికీ లిఫ్టు వాడమని చెబుతూనే ఉంది.

ఇప్పుడు ఆయన పోయారు. మా దగ్గర మనిషి పోతే సంతాపసభ కంటే ముందు ఏవీ గురించి కంగారు పడతారు. ఏవీ అంటే పాత ఫొటోలు వరసగా జరుగుతూ ఉంటే వెనకాల వయొలిన్, ఆ వయొలిన్ మీద ఒక గొంతు పొగుడుతూ ఉంటుంది. పొగడ్త రాయమని నాకు చెప్పారు. సంతాపానికి కామెడీ రచయిత ఎందుకంటే, తొందరగా రాస్తానట. రాసిచ్చాను. ‘మనసుల లోతులు కొలిచిన మహనీయుడు’ దగ్గర నాకే దగ్గొచ్చింది. ‘ఎన్నో పరిశోధనా వ్యాసాలు ప్రచురించారు’ అని రాశాను, అది అబద్ధం కాదు.

గొంతు ఎవరిదన్నప్పుడు ఆయన భార్య ఫోన్ చేసి, “ఆ రోజు మా ఇంటికొచ్చి చదివిన అమ్మాయి చేతే చదివించండి” అందట. యాదగిరి గొణిగాడు గానీ, పోయినాయన ఇంటావిడ మాట కాదనలేక ఎస్తేరుకి ఫోన్ చేశాడు. రికార్డింగ్‌కి నేను వెళ్లలేదు.

నిన్న పొద్దున ఫిల్మ్‌నగర్‌లో సభ. హాలు నిండింది, బయట టిఫిన్లు బాగున్నాయని ముందే తెలిసిపోయింది. ఏవీ మొదలైంది. ఆయన చిన్నప్పటి ఫొటో, పెళ్లి ఫొటో, జర్నళ్ల గోడ. ఎస్తేరు గొంతు హాలంతా పరుచుకుంది. చాలాకాలం తర్వాత ఆ గొంతుని అంత పెద్ద స్పీకర్లలో విన్నాను. ‘ఎన్నో పరిశోధనా వ్యాసాలు ప్రచురించారు’ అంది. తర్వాత నేను రాయని మాటలు వినబడ్డాయి.

“వాటిలో ఒకటి తప్పని తెలిసినప్పుడు, తన చేత్తోనే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఒక గొంతు ఇక నిలబడదని రాసిన వ్యాసం అది. ఆ గొంతు ఇదే.”

వయొలిన్ సాగుతోంది. హాల్లో గుసగుసలు మొదలై, ఆగిపోయాయి. మనిషి బతికున్నంతకాలం చీమల అక్షరాల్లో దాచుకున్న ముక్క, ఆయన గురించి ఆ పొద్దున చెప్పిన వాటన్నిట్లోకీ నిజమైన పొగడ్త. ముందు వరసలో ఆయన భార్య కొంగు కళ్లకి అద్దుకుని, తల ఊపింది. తర్వాత అందరూ చప్పట్లు కొట్టారు. సంతాపసభలో కొట్టకూడదని ఎవరికీ గుర్తు రాలేదు.

బయట ఇడ్లీ ప్లేటుతో నిలబడిన ఎస్తేరుని పట్టుకున్నాను. “నా స్క్రిప్టులో చెయ్యి పెట్టావు!”

“ఆంటీగారిని అడిగే కలిపాను బాబాయ్. ఒప్పుకోలు తీసుకోవాలి కదా.”

యాదగిరి నా పక్కకి వచ్చి చెవిలో అన్నాడు: “గదేందన్నా, గొంతు గంత మంచిగున్నది? పోతదన్నరు గద!”

“ఎవరన్నారు?”

“జర్నల్ల రాసిండ్రు.”

“తీసేశారని కూడా రాశారు కదా, నీకు చూపించింది కదా.”

“చూపిచ్చింది గనీ...” తల గోక్కున్నాడు. “ఇప్పుడు నేనే ఇన్న గద.”

అని చట్నీ గిన్నె పక్కన పెట్టి ఎస్తేరు దగ్గరికి పోయాడు. “అక్కా, ఎల్లుండి ఖాళీగున్నవా? కొత్త పిల్ల, ముంబై నుంచొచ్చింది. సెకండాఫ్ మొత్తం ఏడుపే.” చుట్టూ ప్లేట్లు పట్టుకున్న ఇద్దరు ముగ్గురు మేనేజర్లు నమలడం ఆపి చూస్తున్నారు. “చేస్తవా?”

ఎస్తేరు ఇడ్లీ ముక్క నిదానంగా నమిలి మింగింది. ఎడమ చెయ్యి లేచింది, ఊగింది.

“ముందు ఆ పిల్ల ఎలా ఏడ్చిందో చూపించన్నా. అది సరిగ్గా ఏడ్చి ఉంటే, హాల్లో జనాన్ని నేను ఏడిపిస్తాను.”